చుక్కాని బరువెక్కితే తప్పు దేనిది?

తెరచాప పడవలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చుక్కాని గురించే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. పేర్లు వేయకుండా ఊళ్లు మాత్రం ఇస్తున్నాం.

మాటల గురించి ఒక్క మనవి. నీళ్లలో ఉండే పలకను ఇక్కడ రెక్క అంటున్నాం. రెక్క లోపల నుంచి పైకి, పడవలోకి వచ్చే కడ్డీని ఇరుసు అంటున్నాం. యార్డుల్లో దాన్నే స్టాక్ అంటారు. పడవ ముందు భాగం అనియం, వెనక భాగం అమరం. ఇవి మన తీరంలో ఉన్న మాటలే. కీల్ (పడవ అడుగున ఉండే వెన్నెముకలాంటి భాగం), స్కెగ్, టిల్లర్ (చుక్కానిని చేత్తో తిప్పే కర్ర) లాంటివి అందరూ ఎలా పిలుస్తారో అలాగే ఉంచాం.

ప్రశ్న (విశాఖపట్నం): అభిలాష్ టోమీ రెండో స్థానంలో నిలిచిన, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో, చుక్కాని కీల్‌కే తగిలించి ఉన్న పాత తరహా పడవలనే రానిస్తారట. అది అంత గట్టిదైతే ఈ రోజుల్లో పడవలన్నీ అలాగే ఎందుకు కట్టడం లేదు? మన విశాఖ స్వాతి గారు, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి గారు ప్రపంచాన్ని చుట్టడానికి వెళ్లిన నౌకాదళ పడవ ‘తారిణి’ కూడా 2018లో స్టీరింగ్ చెడి మారిషస్‌లో ఆగింది కదా. అది చుక్కాని లోపమేనా?

జవాబు: రేసు సంగతి నిజమే. పడవ 32 నుంచి 36 అడుగుల మధ్య ఉండాలి, 1988కి ముందు డిజైన్ అయి ఉండాలి, పొడవునా సాగిన కీల్ వెనక అంచుకే చుక్కాని తగిలించి ఉండాలి. 2022లో టోమీ తీసుకెళ్లిన రస్లర్ 36 అలాంటిదే. ఈ అమరికలో రెక్క ముందు అంచు పొడవునా కీల్ కాపు కాస్తుంది. తేలుతున్న దుంగ వచ్చినా, వల తాడు వచ్చినా ముందు కీల్‌కే తగులుతుంది. కింద మడమ దగ్గర ఒక బేరింగ్, పైన ఒకటి. తలుపుకి కింద, పైన బందులున్నట్టే. ఇరుసును వంచే బలం చాలా తక్కువ.

ఇబ్బంది నడకలో వస్తుంది. రెక్క పడవ మధ్యకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పడవను తిప్పడానికి దానికి దొరికే మీటపొడవు తక్కువ. కీల్ వెనక చెదిరిన నీళ్లలో పనిచేస్తుంది. ముందు అంచు దగ్గరే ఇరుసు ఉండడం వల్ల నీటి ఒత్తిడంతా చేతి మీదే పడుతుంది. పొడవాటి కీల్ తిన్నగా పోవడానికి బాగుంటుంది, మలుపుకి మొరాయిస్తుంది. ఇక ఇంజన్ మీద వెనక్కి నడిపితే ఎటు పోతుందో దానికే తెలియాలి.

దీనికి పూర్తి విరుద్ధం స్పేడ్. అమరానికి దగ్గరగా, లోతుగా, సన్నగా, ఏ ఆసరా లేకుండా వేలాడే రెక్క. అంతే వైశాల్యంతో చాలా ఎక్కువ తిప్పుబలం ఇస్తుంది, ఒక వేలితో తిరుగుతుంది. కానీ కింద ఆనుకోడానికి ఏమీ లేదు, బలమంతా పడవ అడుగున ఉన్న ఒక్క బేరింగ్ దగ్గర ఇరుసును వంచుతుంది. చుక్కాని డిజైన్‌లో చిక్కంతా ఇదే: నడకను బాగుచేసే ప్రతి మార్పూ, అంటే లోతు పెంచడం, వెనక్కి జరపడం, ఆసరా తీసేయడం, ఇరుసుకి ఏదో ఒక కష్టం తెచ్చిపెడుతుంది.

ఈ రెండిటికీ మధ్య స్కెగ్. అడుగు నుంచి దిగిన చిన్న గోడలాంటి భాగానికి రెక్కను తగిలిస్తారు. పూర్తి స్కెగ్ కింది దాకా ఉంటుంది, సగం స్కెగ్ నడుం దాకా. స్కెగ్ ఉంటే చాలు భయం లేదనుకోవడం మాత్రం పొరపాటు. పడవ అడుగుకి నాలుగు బోల్టులతో బిగించిన డొల్ల స్కెగ్, చక్కగా కట్టిన స్పేడ్ కంటే ముందే ఊడిపోతుంది. పోతూ పోతూ అడుగున చిల్లు పెట్టి పోతుంది.

తారిణి విషయంలో బయటికి చెప్పింది స్టీరింగ్ గేర్ లోపమనే. స్టీరింగ్ గేర్ వేరు, చుక్కాని వేరు. చక్రం, దాని గొలుసు, స్టీలు కేబుళ్లు, కప్పీలు, ఇరుసుకి బిగించిన క్వాడ్రెంట్ అనే అర్ధచంద్రపు పళ్లెం, ఇదంతా గేర్. వీటిలో ఏది తెగినా రెక్క క్షేమంగానే ఉంటుంది, దాన్ని తిప్పే దారే పోతుంది. అందుకే ప్రతి చక్రం పడవలోనూ ఇరుసు తలకు నేరుగా తగిలించే అత్యవసర టిల్లర్ ఉండాలి. ఉండడమే కాదు, రేవులో ఒకసారి తగిలించి తిప్పి చూడాలి. చక్రం పీఠం అడ్డొచ్చి అది పది డిగ్రీలు కూడా తిరగదని నడిసముద్రంలో తెలుసుకునేవారే ఎక్కువ. కేబుల్ పరీక్షకి ఒక కాగితం రుమాలు చాలు. కేబుల్ పొడవునా చుట్టి లాగండి. ఎక్కడ కాగితం చిరిగిందో అక్కడ ఒక పోగు తెగింది. ఒక్క పోగు కనిపించినా ఆ కేబుల్ మార్చేయడమే.

ప్రశ్న (కాలిఫోర్నియా, బే ఏరియా): 1988లో తయారైన 36 అడుగుల యాట్ కొందామనుకుంటున్నాను. స్పేడ్ చుక్కాని, స్టెయిన్‌లెస్ స్టీల్ ఇరుసు. పడవను పైకి ఎత్తినప్పుడు రెక్క కింది నుంచి గోధుమ రంగు నీళ్లు కారుతున్నాయి. “పాత పడవలన్నిటికీ ఇంతే, కంగారేమీ లేదు” అంటున్నారు అమ్మేవారు. నిజమేనా?

జవాబు: పాత పడవల్లో చాలావాటికి అంతే అన్నది నిజం. కంగారు లేదన్నది కాదు. రంగులేని నీళ్లు కారితే నీళ్లు చేరాయని అర్థం. గోధుమ రంగులో కారితే లోపల ఇనుమును తుప్పు తింటోందని అర్థం.

లోపల ఏముందో తెలిస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పలు, మధ్యలో ఫోమ్. ఇరుసు పైనుంచి ఆ ఫోమ్‌లోకి దిగుతుంది. ఇరుసుకి అడ్డంగా రెండో మూడో స్టీలు పట్టీలు వెల్డు చేసి ఉంటాయి. యార్డులో వాటిని టాంగ్‌లు అంటారు. మీరు చక్రం తిప్పితే ఇరుసు తిరుగుతుంది, ఆ పట్టీలు రెక్కను తిప్పుతాయి. అంటే మొత్తం పడవ దారి ఆ వెల్డుల మీద ఆధారపడి ఉంది, వాటిని ఎవరూ చూడలేరు.

నీళ్లు వచ్చేది ఎక్కువగా పైనుంచి, ఇరుసు రెక్కలోకి దిగే చోటు నుంచి. పాలియెస్టర్ రెజిన్ స్టీలుకి గట్టిగా అంటుకోదు. ఎండకీ చలికీ స్టీలు ఒక కొలత సాగితే ఫైబర్ ఇంకో కొలత సాగుతుంది. పైగా ప్రతి అలకీ ఇరుసు వెంట్రుకవాసి వంగుతుంది. దాంతో ఇరుసు చుట్టూ సన్నని పగులు వస్తుంది. లోపలికి దిగిన నీళ్లు కదలకుండా నిల్వ ఉండిపోతాయి, అందులో ఆక్సిజన్ అయిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని పైనుండే పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర తిరిగి పూడాలంటే ఆక్సిజన్ కావాలి. అది లేనిచోట, ముఖ్యంగా వెల్డు పక్కన, సూదిగుంటలు పడి లోపలికి తినేస్తుంది. బయటికి కనిపించే ఇరుసు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది.

పరీక్షలు ఈ వరసలో చేయించండి. పడవ క్రేన్ పట్టీల మీద వేలాడుతుండగానే ఇరుసు మెడ చుట్టూ, రెండు చిప్పలు కలిసే అతుకు వెంట చూడండి. పగులు గీత ఎండిన చిప్ప మీద తడిగీతలా కనిపిస్తుంది. తర్వాత చిన్న ప్లాస్టిక్ సుత్తితో రెక్క అంతా తట్టుకుంటూ పోండి. ఠంగుమంటే మంచిది, బద్దగా మోగితే అక్కడ చిప్ప ఫోమ్ నుంచి విడిపోయింది.

మూడోది ఊపు పరీక్ష. రెక్క కింది కొస పట్టుకుని అటూ ఇటూ నెట్టండి. ఇరుసు పొడవు వల్ల బేరింగ్ వదులు కొస దగ్గర నాలుగైదు రెట్లై కనిపిస్తుంది. బేరింగ్‌లో అర మిల్లీమీటరు ఉంటే కొస రెండు మిల్లీమీటర్లకు కాస్త పైగా కదులుతుంది. ఆ మాత్రం సహజం. బొటనవేలి మందం కదిలితే బేరింగులు మార్చాలి. అది పెద్ద జబ్బు కాదు, ఖర్చు మాత్రమే.

అసలు పరీక్ష నాలుగోది. ఒకరు లోపల అత్యవసర టిల్లర్ తగిలించి కదలకుండా పట్టుకోవాలి. మరొకరు బయట రెక్క వెనక అంచును రెండు చేతులతో మెలితిప్పాలి. మూడో మనిషి ఇరుసు మెడ దగ్గర కన్ను పెట్టాలి. ఇరుసు కదలకుండా రెక్క కాస్త తిరిగినా, లోపల ‘టక్’ అని చప్పుడు వచ్చినా, వెల్డులు పోయినట్టే. ఆ పడవకి కొత్త చుక్కాని ధర కలిపి బేరమాడండి, లేదా వదిలేయండి.

ఏమీ కదలకపోయినా గోధుమ నీళ్లు ఉన్నాయి కాబట్టి లోపల చూడక తప్పదు. రెక్క కింది భాగంలో 6 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేసి నీళ్లు వార్చండి. పై పట్టీ ఉన్నచోట ఒక పక్క చిప్పలో జానెడు చదరపు కిటికీ కోయించి, ఫోమ్ గీకేసి, వెల్డు కనిపించేలా తుడిపించండి. పై మెరుపు చూసి తృప్తి పడొద్దు. వెల్డు పక్కన నల్లని చుక్కలుంటే సూదితో గుచ్చండి, సూది దిగితే గుంట. గుంటలు లేకపోతే కొన్ని వారాలు ఆరనిచ్చి, ఫోమ్ నింపి, కిటికీ చుట్టూ అంచును ఏటవాలుగా చెక్కి ఎపాక్సీ, గ్లాస్ పొరలతో మూసేయవచ్చు.

చివరి పని చాలామంది తప్పు చేసేది. ఇరుసు మెడ దగ్గరి పగులును ఎపాక్సీతో నింపుతారు. అది గట్టిది కాబట్టి మళ్లీ అక్కడే పగులుతుంది. ఇరుసు చుట్టూ సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 10 లోతు గాడి తీసి పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. అది రబ్బరులా సాగుతుంది. ఎంత సాగినా శాశ్వతం కాదు. పడవ పైకొచ్చినప్పుడల్లా ఆ గాడిని గోటితో నొక్కి చూడడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న (కాకినాడ, ఇంజనీరింగ్ విద్యార్థి): ప్రాజెక్టు కోసం 12 మీటర్ల యాట్‌కి స్పేడ్ చుక్కాని డిజైన్ చేస్తున్నాను. లోతు 1.5 మీటర్లు, వెడల్పు పైన 600, కింద 400 మిల్లీమీటర్లు. ఇరుసు మందం ఎంత పెట్టాలి? కడ్డీ మంచిదా, గొట్టమా?

జవాబు: తుది లెక్క ఐఎస్ఓ 12215-8 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేయాలి, అది ఉన్నదే చుక్కానుల కోసం. కానీ ముందు చేతిలెక్క వేసుకోకపోతే సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా నమ్మేస్తారు.

మీ రెక్క సగటు వెడల్పు 0.5 మీటరు, వైశాల్యం 0.75 చదరపు మీటర్లు. వేగం 8 నాట్లు, అంటే సెకనుకి 4.1 మీటర్లు. సముద్రపు నీటి సాంద్రత 1025. సగం సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే చదరపు మీటరుకి సుమారు 8,700 న్యూటన్లు. స్టాల్ అవడానికి, అంటే రెక్క నీటి పట్టు వదలడానికి, ముందు లిఫ్ట్ గుణకం 1.2 అనుకుంటే రెక్క మీద పక్కబలం 7.8 కిలోన్యూటన్లు, దాదాపు 800 కిలోల బరువు. ఆ బలం నడిలోతుకి కాస్త పైన, 0.7 మీటరు దగ్గర పనిచేస్తుంది. అక్కడి నుంచి కింది బేరింగ్ నడిమికి ఇంకో 0.1 కలపండి. బలాన్ని ఈ దూరంతో గుణిస్తే వంపు మొమెంట్ 6.25 కిలోన్యూటన్ మీటర్లు.

ఈ మొమెంట్‌కి 316 స్టెయిన్‌లెస్ కడ్డీ (ఈల్డ్ బలం 205 మెగాపాస్కల్స్ అనుకుందాం) శాశ్వతంగా వంగిపోయే అంచున నిలబడాలంటేనే 68 మిల్లీమీటర్లు కావాలి. భద్రతా గుణకం 2 పెడితే 85. ఈల్డ్ బలం 450 ఉండే డ్యూప్లెక్స్ 2205 స్టీలు అయితే అదే గుణకంతో 66 సరిపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. ఒకటి, కడ్డీ వంపుబలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 50 నుంచి 60కి పెంచితే బలం 1.73 రెట్లు. రెండోది, బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అల మీద జారుతూ పడవ 12 నాట్లకు చేరితే 800 కిలోలు 1,800 అవుతాయి. మీరు పెట్టుకున్న గుణకం 2 అప్పటికే కరిగిపోయింది. అందుకే “మన పడవ ఎప్పుడూ 7 నాట్లు దాటదు” అని ఇరుసు తగ్గించే యజమాని మాట వినకండి. ఆ మాట అలకి తెలియదు.

అసలు తిప్పలు రెక్క మందంతో వస్తాయి. నాకా 0015 (NACA 0015) అనే ప్రామాణిక రెక్క ఆకారం తీసుకుంటే మందం వెడల్పులో 15 శాతం. ఇరుసు ఉండేది ముందు అంచు నుంచి 17 శాతం దగ్గర, అక్కడ మందం గరిష్ఠంలో 92 శాతమే. పైన 600 వెడల్పు దగ్గర 83 మిల్లీమీటర్లు. రెండు చిప్పలకు చెరో 5 తీసేస్తే 73 మిగిలింది. 66 కడ్డీ దూరుతుంది, 85 దూరదు. అంటే 316 స్టీలుతో ఈ రెక్క సాధ్యం కాదు. గొట్టం సంగతీ అంతే. బయట 80, గోడ మందం 10 ఉన్న గొట్టం 71 కడ్డీతో దాదాపు సమానమైన బలం ఇస్తుంది. మీటరుకి 32 కిలోలకు బదులు 18 కిలోలే తూగుతుంది. కానీ 73 సందులో 80 గొట్టం ఎలా పట్టిస్తారు? రెక్కను 18 శాతం మందం చేస్తే పడుతుంది, ఈడ్పు పెరుగుతుంది. రేసు పడవల్లో కార్బన్ ఇరుసు వాడడానికి సగం కారణం ఇదే: దాన్ని గుండ్రంగా కాక రెక్క లోపలి ఖాళీకి తగినట్టు పెట్టెలా పోతపోయవచ్చు. కార్బన్ అంటే గుడ్డి నమ్మకం కూడా వద్దు. 1979 ఆగస్టు ఫాస్ట్‌నెట్ రేసు తుఫానులో, అప్పుడప్పుడే వాడకంలోకి వచ్చిన కార్బన్ ఫైబర్ ఇరుసులు విరిగి కొన్ని పడవలు చుక్కాని పోగొట్టుకున్నాయి.

కింది బేరింగ్ దాటాక మొమెంట్ తగ్గుతూ కొస దగ్గర సున్నా అవుతుంది. కాబట్టి ఇరుసును కిందికి సన్నగా చెక్కండి. చెక్కేటప్పుడు అకస్మాత్తుగా మెట్టు పెట్టకండి, ఆ మెట్టు మూలలోనే పగులు మొదలవుతుంది. పట్టీ వెల్డు కూడా కింది బేరింగ్‌కి ఆనుకుని ఉండకూడదు. వంపు ఎక్కువగా ఉన్నచోటే వెల్డు వేడి తగలడం కోరి తెచ్చుకున్న కష్టం.

పోలికకి: ఇదే రెక్కకి కింది దాకా గట్టి స్కెగ్ ఉండి, రెండు కొసలా బేరింగులు ఉంటే మొమెంట్ సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. 316 కడ్డీ 54 మిల్లీమీటర్లు చాలు. స్కెగ్ కొస వంగకుండా ఉంటేనే సుమా.

ఇక చేతి బరువు. చిన్న కోణాల్లో నీటి ఒత్తిడి కేంద్రం ముందు అంచు నుంచి 25 శాతం దగ్గర ఉంటుంది. ఇరుసు 17 శాతం దగ్గర పెడితే తేడా 8 శాతం, 40 మిల్లీమీటర్లు. 6 నాట్ల వేగంలో, మామూలు కోణంలో రెక్క మీద 1.1 కిలోన్యూటన్లు అనుకుంటే, 1.2 మీటర్ల టిల్లర్ కొస దగ్గర చేతికి వచ్చేది 4 కిలోల లోపే. ఇరుసు ముందు అంచులోనే ఉంటే అదే బలం దాదాపు 12 కిలోలు. అలాగని ఇరుసును 25 దాకా వెనక్కి జరిపితే టిల్లర్ చేతికి ఏమీ చెప్పదు. ఇంకా జరిపితే దానంతట అదే పక్కకి లాక్కుపోతుంది. 15 నుంచి 18 మధ్య ఆగండి.

ప్రశ్న (హైదరాబాద్): మా అమ్మాయి హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవ నేర్చుకుంటోంది. గాలి పెరిగితే టిల్లర్ లాగలేకపోతున్నానంటోంది. చుక్కాని మార్చాలా?

జవాబు: మార్చకండి. ముందు రెక్క పూర్తిగా దిగిందో లేదో చూడమనండి. లేజర్ రెక్క పైకి మడుచుకునే రకం, దాన్ని కిందికి లాగి పట్టుకునేది ఒక సన్న తాడు. ఆ తాడు క్లీట్‌లో జారితే రెక్క కొస వెనక్కి లేస్తుంది. లేచిన రెక్క వైశాల్యం బందులకు ఇంకా దూరంగా పోతుంది, చేతికి బరువు రెట్టింపైనట్టు ఉంటుంది. ఒడ్డున తాడు బిగించి, పక్క నుంచి చూసి, నీళ్లలో పది నిమిషాలు తిరిగొచ్చాక మళ్లీ చూడండి. జారి ఉంటే తాడు మార్చండి. రెక్కను రెండు చెంపల మధ్య పట్టే బోల్టు వదులుగా ఉంటే అదీ బిగించండి. పాచి, ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నా ఇదే లక్షణం.

అన్నీ సరిగా ఉంటే తప్పు చుక్కానిది కాదు, తెరచాపది. పడవ ఒక పక్కకి ఒరిగితే తెరచాప బలం పడవ బయటికి జరిగి అనియాన్ని గాలివైపు తిప్పుతుంది. టిల్లర్‌తో దాన్ని ఆపాలని చూస్తే చేయి నొప్పి పుడుతుంది, రెక్క అడ్డం తిరిగి బ్రేకు వేస్తుంది. వాంగ్ (తెరచాప అడుగు గెడను కిందికి లాగే తాడు) గట్టిగా లాగి, కనింగ్‌హమ్ (తెరచాప ముందు అంచును బిగించే తాడు) కిందికి లాగి, గాలి దెబ్బ తగలగానే షీట్ (తెరచాపను లోపలికి లాగి పట్టే తాడు) ఒక మూర వదిలి, పడవను చదునుగా ఉంచడం నేర్పమనండి. పెద్ద యాట్‌కీ ఇదే వైద్యం: రెక్క మూడు నుంచి ఐదు డిగ్రీలు పట్టి ఉంచితే చక్కని నడక, పది దాటితే తెరచాప కుదించే వేళ అయింది. బరువు ఇంకా తగ్గకపోతే ఐఎల్‌సీఏ (లేజర్‌కి ఇప్పటి పేరు) 6 తెరచాప (5.76 చదరపు మీటర్లు) వాడుతోందో, 4 (4.7) సరిపోతుందో శిక్షకుణ్ణి అడగండి. ఇంకొకటి, చుక్కానిని పట్టి ఉంచే క్లిప్ విరిగిందేమో చూడండి. అది లేకుండా పడవ బోర్లాపడితే చుక్కాని జారి చెరువు పాలవుతుంది.

ప్రశ్న (లండన్): గ్రీసులో అద్దెకి తీసుకున్న 45 అడుగుల యాట్‌కి రెండు చుక్కానులు ఉన్నాయి. సముద్రంలో అద్భుతంగా నడిచింది. రేవులో మాత్రం మాట వినలేదు, వెనక్కి వస్తుంటే చక్రం చేతిలోంచి గుంజుకుంది.

జవాబు: రెండూ దాని స్వభావాలే. వెడల్పాటి అమరం ఉన్న పడవ ఒరిగితే నడిమి చుక్కాని సగం పైకి తేలి, నీటిపై నుంచి గాలి పీల్చుకుని పట్టు వదిలేస్తుంది. రెండు చుక్కానులుంటే కిందివైపుది నిటారుగా నీళ్లలో ఉంటుంది. అందుకే సముద్రంలో హాయి. రేవులో మామూలు పడవకి ప్రొపెల్లర్ తోసిన నీళ్లు నేరుగా రెక్కకి తగిలి, పడవ నిలబడి ఉన్నా అమరాన్ని పక్కకి నెడతాయి. రెండు చుక్కానుల మధ్య నుంచి ఆ నీళ్లు ఊరికే పోతాయి. కాబట్టి ముందు కాస్త వేగం తెచ్చుకుని, ఆ తర్వాతే మలుపు అడగాలి.

వెనక్కి పోయేటప్పుడు రెక్క వెనక అంచు ముందు అంచవుతుంది, అప్పుడు ఇరుసు దాదాపు చివరన ఉన్నట్టు. కొంచెం కోణం దాటగానే నీళ్లు దాన్ని లాక్కుని స్టాపులకేసి కొడతాయి. చక్రాన్ని రెండు చేతులా పట్టుకోండి, 2 నాట్లు మించకండి. ఆకుల మధ్య చేయి పెట్టకండి, మణికట్టు పోతుంది.

ప్రశ్న (లిస్బన్): జిబ్రాల్టర్ వైపు ఓర్కాలు (కిల్లర్ వేల్స్) చుక్కానులు విరగ్గొడుతున్నాయి. ఆ దారిలో వెళ్లాల్సి ఉంది. నిజంగా చుక్కాని పోతే ఏం చేయాలి?

జవాబు: 2020 నుంచి అక్కడ ఇది జరుగుతోంది, కొన్ని పడవలు మునిగాయి కూడా. ఒడ్డుకి దగ్గరగా, లోతు తక్కువ ఉన్న నీళ్లలో పోవడం, ఎదురైతే ఆగకుండా తీరం వైపు సాగడం స్పెయిన్ అధికారులు 2024లో చెప్పిన జాగ్రత్త.

మునగడానికి కారణం చుక్కాని పోవడం కాదు, అది పోతూ చేసే చిల్లు. లోతైన రెక్కను పక్కకి కొడితే ఇరుసు మీటలా పనిచేసి బేరింగ్ గొట్టాన్ని అడుగు నుంచి పెకలిస్తుంది. కాబట్టి దెబ్బ తగలగానే దారి గురించి ఆలోచించకండి. ముందు అమరం లోపలి అరలు తెరిచి టార్చితో ఇరుసు గొట్టం చుట్టూ చూడండి. నీళ్లు వస్తుంటే పరుపు, నురుగు దిండ్లు గొట్టం చుట్టూ కుక్కి, కర్రతో పైనుంచి అదిమి, పంపు వేసి, రేడియోలో పిలవండి. ఆ అరకీ మిగతా పడవకీ మధ్య నీళ్లు దాటని గోడ ఉంటే బతికిపోయినట్టే. లేకపోతే బయలుదేరే ముందే, వైర్లు దూరే రంధ్రాలైనా మూసి పెట్టుకోండి.

నీళ్లు రావడం లేదంటే అప్పుడు దారి. చాలా పుస్తకాల్లో స్పిన్నేకర్ (ముందు ఉబ్బే పెద్ద తెరచాప) గెడకి తలుపు కట్టి తెడ్డులా వాడమని ఉంటుంది. మంచి గాలిలో ఆ గెడ మీద వచ్చే బలం మనిషి పట్టగలిగేది కాదు. పనిచేసేది డ్రోగ్, అంటే వెనక ఈడ్చుకొచ్చే గుడ్డ గొట్టం లేదా పట్టీల బుట్ట. 10–12 మీటర్ల పడవకి రెండడుగుల పైన వ్యాసం ఉన్నది సరిపోతుంది. తేలిపోకుండా ముందు రెండు మూడు మీటర్ల గొలుసు, ఆ గొలుసుకి రెండు తాళ్లు. తాళ్లను అమరం మూలల్లో కట్టేయకండి. అక్కడ కడితే డ్రోగ్ అమరాన్ని పట్టి ఆపేస్తుంది, పడవ తిరగదు. పడవ వెడల్పు ఎక్కువగా ఉన్న నడిమి దగ్గర, చెరోవైపు ఒక కప్పీ పెట్టి, అందులోంచి తాళ్లను వించ్‌లకు తెచ్చుకోండి. డ్రోగ్ పడవ పొడవంత వెనక ఉండాలి. కుడి తాడు లాగితే పడవ కుడికి, ఎడమ లాగితే ఎడమకి. తెరచాపలు ముందుకి బరువుండేలా అమర్చండి: చిన్న జిబ్ (ముందు తెరచాప), బాగా కుదించిన మెయిన్ (ప్రధాన తెరచాప). ప్రశాంతమైన రోజు చక్రం కట్టేసి ఒక గంట సాధన చేస్తే తాళ్ల పొడవు, కప్పీల చోటు తేలిపోతాయి. ఆ చోట్ల టేపు గుర్తులు పెట్టుకోండి.

ప్రశ్న (చెన్నై): 6 నాట్లు దాటగానే చుక్కాని దగ్గర గుయ్‌మని శబ్దం, టిల్లర్‌లో వణుకు. బేరింగులు కొత్తవే.

జవాబు: రెక్క వెనక అంచు గుండ్రంగానో మందంగానో ఉంది. దాని నుంచి సుడులు అటొకటి ఇటొకటి విడిపోతూ రెక్కను తీగలా మోగిస్తున్నాయి. పదే పదే పూసిన రంగు వల్ల కూడా ఇలా అవుతుంది. పాత రంగు గీకి, వెనక అంచును 2–3 మిల్లీమీటర్ల మందానికి తెచ్చి, గుండ్రం చేయకుండా పదునైన మూలలతో చదునుగా కోయండి. అప్పటికీ మోగితే ఒక పక్క మాత్రమే ఏటవాలుగా చెక్కండి. 80 నంబరు గరుకు కాగితం, ఒక చెక్క దిమ్మ, ఒక పూట పని.